వేంగి రాజుల దాకా గీసే గీత

వంశవృక్షం రాయించుకోవాలన్న కోరిక మంచిదే. అయితే మన వేంగి నేల మీద దానికో ప్రమాదం ఉంది. ఏలూరు పక్కనే ఒకనాటి వేంగి నగరమైన పెదవేగి ఉండడంతో, చెట్టు మొదట్లో శాలంకాయనులనో తూర్పు చాళుక్యులనో నిలబెట్టాలనిపిస్తుంది. యూరప్‌లోనూ ఇదే పని జరుగుతోంది. 800లో చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్న షార్లమేన్ దాకా, ఇంకా పైకి మెట్జ్ బిషప్ ఆర్నుల్ఫ్ దాకా తమ వంశాన్ని తీసుకుపోయేవాళ్లు అక్కడ ఎందరో. ఆ ఆర్నుల్ఫ్, 624లో వేంగిలో రాజ్యం నిలిపిన కుబ్జవిష్ణువర్ధనుడు ఒకే కాలంవాళ్లు. ఇక్కడైనా అక్కడైనా నేననేది ఒకటే: వంశవృక్షాన్ని కింది నుంచి పైకి రాయాలి, ఆధారం ఆగిన చోట ఆపాలి.

ఇందుకు సాక్ష్యం ఆ చాళుక్యుల రాగిరేకులే. రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, దాని మీద వరాహంతో తరచు ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని ముద్ర వేసేవారు. తొలి దానశాసనాల్లో మానవ్య గోత్రం, హారీతి పుత్రులం అనడమే తప్ప ఆకాశానికి నిచ్చెనలు లేవు. ఆ తర్వాతి రేకుల్లో ఎవరు ఎన్నాళ్లు ఏలారో వరసగా ఉంటుంది: కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు 7 రోజులు. వారం రోజుల రాజును కూడా వదలని ఆ నిజాయితీ వల్లే ఫ్లీట్ వంటి పండితులు వేంగి కాలక్రమాన్ని కట్టగలిగారు. 11వ శతాబ్దంలో విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనానికి వచ్చేసరికి కథ మారిపోయింది. బ్రహ్మ, చంద్రుడు, పాండవులు, అయోధ్యనేలిన 59 మంది చక్రవర్తులు వచ్చి చేరారు. నాలుగు వందల ఏళ్ల ముందటి శాసనాలు ఎరగని తాతలు వీళ్లు! ఫ్రాంకుల మూలం ట్రాయ్ నగరంలో ఉందని 7వ శతాబ్దంలో ఫ్రెడెగార్ పేరిట ఉన్న చరిత్ర చెప్పుకున్నదీ ఈ తీరులోనే.

గోత్రం కలిసింది కదా అంటారు. బనవాసి కదంబులు కూడా మానవ్య గోత్రులమనే, హారీతి పుత్రులమనే రాసుకున్నారు, వాళ్లేమీ చాళుక్యులు కారు. లెక్క ప్రకారం అందరం రాజుల వారసులమే కదా అన్న వాదన ఇంతకంటే గట్టిది. 30 తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 107 కోట్ల పూర్వీకులు ఉండాలి. అప్పట్లో భూమ్మీదే అంతమంది లేరు కాబట్టి ఒకే మనిషి ఎన్నో కొమ్మల్లో మళ్లీ మళ్లీ కనబడతాడు. యూరప్‌వాళ్లంతా షార్లమేన్ సంతతే అనడానికి ఇదే ఆధారం. మన దగ్గర ఆ లెక్క అంత సాఫీగా సాగదు. మన దేశంలో జనసమూహాల కలయిక సుమారు 1900 ఏళ్ల కిందటే తగ్గిపోయి, పెళ్లిళ్లు కులం గడప దాటడం అరుదైపోయిందని 2013లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. దానికి తోడు మేనరికం: బావామరదళ్ల బిడ్డకు ముత్తాతలు, తాతమ్మలు కలిపి ఎనిమిది మంది కాదు, ఆరుగురే.

పోనీ, రాజు పేరు పెట్టుకుంటే వచ్చిన నష్టమేమిటంటారా? ఆ పేరు కోసం మగ గీత ఒక్కటే పట్టుకుని అమ్మమ్మలను, వాళ్ల అమ్మలను వదిలేస్తున్నాం. వేంగి రాజు రాజరాజనరేంద్రుడి కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కింది తల్లి అమ్మంగదేవి పుట్టింటి హక్కు మీద! గెలిచినవాళ్లనే ఎంచుకోవడం ఇంకో నష్టం. యుద్ధంలో కొల్లేరు నీళ్లు నెత్తుటితో ఎర్రబడ్డాయని 634 నాటి ఐహోళె శాసనం చెబుతుంది. ఆ నీళ్లలో పడినవాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. వాళ్ల పేరు ఏ వృక్షంలోనూ కనబడదు. పనికొచ్చే ఆధారాలు రాగిరేకులకు చాలా ఇవతలే ఉన్నాయి. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో దానం మొదట ఎవరికి దక్కిందో, అప్పటి అనుభవదారు ఎవరో నమోదై ఉంటుంది. ముందు అమ్మమ్మ పుట్టిన ఊరు, ఆమె తల్లి ఇంటిపేరు రాసుకోవాలి. ఆ తర్వాత రిజిస్టరు తెరవాలి.