ఒక్క ఫ్లాంజ్ కోసం

పాత నిలువు పియానో ముందు పలక తీయగానే చాలామంది తీగలనే మెచ్చుకుంటారు. నా చూపు మాత్రం తీగల ముందున్న చెక్కపని దగ్గరే ఆగిపోతుంది. మెట్టు నొక్కిన వేలికీ మోగే తీగకీ మధ్య పనిచేసే ఆ యంత్రాంగాన్ని ట్యూనర్లు ‘యాక్షన్’ అంటారు. మెట్టు విప్పెన్ అనే మీటని లేపితే, విప్పెన్ మీది జాక్ సుత్తి అడుగున ఉన్న బట్‌ని తోస్తుంది. సుత్తి తీగకి మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండగా జాక్ తప్పుకుంటుంది, మిగతా దూరం సుత్తి తన వేగంతోనే పోయి కొడుతుంది. ఈ ముక్కలన్నీ ఫ్లాంజ్ అనే చిన్న చెక్క బిళ్లల్లో తిరుగుతాయి. ఫ్లాంజ్ రంధ్రానికి ఎర్ర ఉన్నిబట్ట తొడుగు, ఆ తొడుగులో సన్నటి పిన్ను. ఇదంతా 88 సార్లు. ముక్కలన్నీ విప్పి లెక్కపెడితే వేలల్లో తేలతాయి.

గ్రాండ్ పియానోలో సుత్తి పైకి లేచి కొడుతుంది కాబట్టి దాని బరువే దాన్ని కిందికి దింపుతుంది. నిలువు పియానోలో సుత్తి ముందుకి వాలి కొడుతుంది, వెనక్కి రప్పించే ఉపాయం వేరే కావాలి. లండన్ తయారీదారు రాబర్ట్ వోర్నమ్ 1842లో పేటెంటు పొందిన పద్ధతిలో ఆ పనికి ఒక చిన్న గుడ్డపట్టీ కుదిరింది. పట్టీ సుత్తిని వెనక్కి లాగితే, చెక్ అనే మరో ముక్క దాన్ని పట్టి ఆపుతుంది. సుత్తి ఎగిరి తీగను రెండోసారి తాకదు. ఇప్పుడు తయారయ్యే నిలువు పియానోల్లోనూ ఆ పట్టీ ఉంది. ఇంతటి బుర్రకి దక్కిన గౌరవం ఏమిటంటే, ప్లెయెల్, పాప్ వంటి పారిస్ తయారీదారులు ఈ పద్ధతిని చేపట్టి ఊరూరా తిప్పేసరికి లోకం దానికి ‘ఫ్రెంచ్ యాక్షన్’ అని పేరు పెట్టింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. పాప్ గొప్పతనాన్ని కాదనను. సుత్తులకి తోలు బదులు ఫెల్ట్ వేయడానికి 1826లో పేటెంటు తీసుకున్నది ఆయనే, టోపీల ఫెల్ట్ చూసి ఆ ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు. చరిత్రకి ఈపాటి చాలు, అసలు పని చూద్దాం.

పాత యాక్షన్‌కి వచ్చే జబ్బుల్లో సగం ఆ సన్నటి పిన్ను దగ్గరే పుడతాయి. విశాఖ, చెన్నై వంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం రాగానే ఉన్నిబట్ట ఉబ్బి పిన్నుని బిగబడుతుంది. తీగను కొట్టడానికి వెళ్లిన సుత్తి తిరిగి రావడానికి మొరాయిస్తుంది. కొన్నింట్లో పిన్ను చుట్టూ పచ్చటి చిలుము చేరుతుంది. తెలియనివాడు వెంటనే నూనె చుక్క వేస్తాడు. నాలుగు రోజులు బాగానే ఆడుతుంది, తరవాత ఆ నూనె దుమ్ముని పట్టుకుని జిగటై, బట్టని పూర్తిగా పాడుచేస్తుంది. చేయి తిరిగిన ట్యూనర్ పాత పిన్ను తోసేసి, రంధ్రాన్ని సన్నటి రీమర్‌తో సరిచేసి, కొత్త పిన్ను ఎంచుతాడు. 20వ నంబరు పిన్ను మందం అంగుళంలో 0.050 వంతు, అర నంబరు పెరిగితే 0.051. ఆ వెయ్యోవంతు తేడాని కొలిచే పరికరం అతని బొటనవేలే. పిన్ను దిగాక ఫ్లాంజ్‌కి దాని మర తగిలించి పట్టుకుంటే, మర బరువుకి అది మెల్లగా వాలాలి. టక్కున పడితే వదులు, కదలకపోతే బిగువు. వదులైన సుత్తి పక్కకి ఊగి పొరుగు తీగని గీరుతుంది. ఇలాంటివి వరసగా 88 ఒకే తీరున కుదిర్చే మనిషిని చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ముక్క విరిగితే కథ ఇంకా ముదురుతుంది. మూత మీద బంగారు అక్షరాల్లో ఉన్న పేరు చూసి విడిభాగం వెతకబోతే దొరకదు. ఇంగ్లండులో ఎన్నో పియానో కంపెనీలు యాక్షన్లు సొంతంగా చేసుకోలేదు, బయట కొన్నాయి. అందుకే ట్యూనర్ యాక్షన్ కడ్డీ మీద ముద్ర చూస్తాడు: పారిస్ ష్వాండర్, లండన్ బ్రూక్స్, రెండూ కలిశాక హెర్‌బర్గర్ బ్రూక్స్. ఈ చివరి సంస్థ కూడా మూతపడింది. జర్మనీలో 1882 నాటి రెన్నర్ ఇంకా నడుస్తోంది గానీ, కొత్త ముక్క తెప్పించినంత మాత్రాన సరిపోదు. పిన్ను నుంచి మర రంధ్రానికి దూరం, బట్ ఎత్తు, సుత్తి కాడ మందం, వాలు, అన్నీ పాతదానితో కలవాలి. అర మిల్లీమీటరు తప్పితే వేలికి తెలిసిపోతుంది.

అప్పుడు పాత చేతులు ఆడే ఎత్తులు చూడాలి! మధ్య సప్తకంలో బట్ విరిగిందనుకోండి. కుడి చివర, ఎవరూ పెద్దగా ముట్టని మెట్ల దగ్గరి బట్ విప్పి మధ్యలోకి తెస్తారు. అదే తయారీ, అదే వయసు, అరగని ముక్క. చివర ఖాళీ అయిన చోట కొత్తగా చెక్కినది పెడతారు. అక్కడ చిన్న తేడా ఉన్నా ఎవరికీ పట్టదు. ష్వాండర్ తరహాలో బట్ మీది స్ప్రింగు, ఫ్లాంజ్‌కి అతికించిన పట్టుదారపు ఉచ్చుకి తగులుకుని సుత్తిని వెనక్కి లాగుతుంది. దారం చివికి తెగితే గాడి శుభ్రం చేసి కొత్త దారం అతికించాలి. ఉచ్చు కాస్త పొడవైతే స్ప్రింగు పట్టు సడలుతుంది. కంసాలి గొలుసులో కొక్కెం కూర్చినట్టుంటుంది ఆ పని.

ఇంగ్లిష్ ‘పంజరం’ యాక్షన్ పేరెత్తితేనే చాలామంది ట్యూనర్లు మొహం చిట్లిస్తారు. అందులో నాదాన్ని ఆపే డ్యాంపర్లు సుత్తుల పైన ఉంటాయి, వాటి కమ్మీలన్నీ ముందు వరసగా నిలబడి పంజరంలా కనిపిస్తాయి. శ్రుతి చేయడానికి చేయి దూరదు, సుత్తి కాడల మధ్య నుంచి తీగని అణచడానికి ‘పాప్స్ మ్యూట్’ అనే పట్టకారు లాంటి పనిముట్టు దూర్చాలి. డ్యాంపర్ మోగే తీగని దాని చివరి దగ్గర అదుముతుంది కాబట్టి నాదం పూర్తిగా ఆగదు. లోపాలన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ కాస్త నాదం మిగలడంలోనే దాని గొంతు ఉంది. పారేయమని సలహా ఇచ్చేవాళ్లతో నాకు పేచీ.

అసలు కోపం వేరేవాళ్ల మీద. గత శతాబ్దం మధ్యలో అమెరికాలో పొట్టి స్పినెట్ పియానోల్లో ఎల్బో అనే కీలుముక్కల్ని ప్లాస్టిక్‌తో చేశారు. ఏళ్లు గడిచేసరికి అవి చేతిలో బిస్కెట్టులా పొడైపోయాయి. పక్కనే అంతకుముందు తరం చెక్కముక్కలు నిక్షేపంగా ఉన్నాయి. అయినా బుద్ధి రాలేదు! మరమ్మతు పేరుతో ఇప్పుడు విరిగిన కాడకి సూపర్ గ్లూ పోస్తున్నారు. వేడి చేసి వాడే తోలుజిగురైతే రేపు మరో పనివాడు ఆవిరితో ఊడదీసి మళ్లీ అతికించుకోగలడు. సూపర్ గ్లూ పోసినచోట ఆ దారి మూసుకుపోతుంది, తరవాత వచ్చినవాడు కోసి పారేయడమే. ఇంకా ఘోరం, యాక్షన్ మొత్తం పీకేసి, ఆ పెట్టెలో ఎలక్ట్రానిక్ కీబోర్డు అమర్చి ‘యాంటిక్ పియానో’ అని అమ్మడం. పీకిన యాక్షన్ తుక్కులోకి పోతుంది. ఆ తుక్కులో ఒక్కొక్క ఫ్లాంజ్ ఎక్కడో మూగపడ్డ ఒక్కొక్క మెట్టుకి గొంతు కాగలదు.

మన సంగతికొస్తే, వోర్నమ్ పేటెంటు పొందిన 1842లోనే మద్రాసులో మిస్క్విత్ అనే వాయిద్యాల కంపెనీ మొదలైంది, నేటి మ్యూసీ మ్యూజికల్ దాని వారసురాలే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో పియానో ముందు కూర్చుని పాడే హీరోని చూడని ప్రేక్షకుడు లేడు. మన దేశానికి వచ్చిన పియానోల్లో కొన్నింటిని వేడి దేశాల కోసం ప్రత్యేకంగా చేశారు. జిగురు ఊడిపోతుందని అతుకులకి ఇత్తడి మరలు బిగించారు. అంత ముందుచూపుతో చేసిన వస్తువులు చర్చిల్లో, పాత బడుల్లో, రైల్వే క్లబ్బుల్లో చెదలకి, ఎలుకలకి ఆహారమవుతున్నాయి.

మీ ఎరుకలో అలాంటి పియానో ఉంటే తుక్కు వ్యాపారిని పిలిచే ముందు ఒక ట్యూనర్‌కి చూపించండి. పియానో బతకకపోయినా యాక్షన్ మాత్రం పడేయకండి, మరలు విప్పితే మొత్తం ఒకే ముక్కగా బయటికొస్తుంది. ఊడిన ముక్క ఎంత చిన్నదైనా కవర్లో వేసి, ఏ మెట్టుదో నంబరు రాసి, పియానో లోపలే ఉంచండి. కొత్తది చెక్కేవాడికి కొలతలు దొరికేది దాని నుంచే.