స్టాప్‌వాచీ పట్టిన మాయలమారి

మాయాబజార్‌లో పాండవులు కనిపించరు. ఈ మాట అంటే చాలామంది ఒక్క క్షణం ఆగి, మనసులో సీన్లన్నీ తిరగేసుకుని, "నిజమే సుమా!" అంటారు. మూడు గంటలకు పైగా సాగే సినిమా. అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడూ హిడింబీ ఉన్నారు. ధర్మరాజు, భీముడు, అర్జునుడు మాత్రం తెర మీదికి రానే రారు. వాళ్లు లేరన్న సంగతి ఎప్పటికీ గుర్తు రాదు కూడా. ఇది శశిరేఖ పెళ్లి కథ. ఆ పెళ్లిలో పని లేనివాళ్లకు, వాళ్లెంత మహావీరులైనా సరే, దర్శకుడు కె.వి. రెడ్డి శుభలేఖ పంపలేదు.

నాకు ఆయన సినిమాల పిచ్చి. అందులో దాపరికమేమీ లేదు. అయితే ఆయన పేరెత్తగానే అందరూ ఘటోత్కచుడి మాయలూ పాతాళభైరవి బొమ్మా గురించే మొదలుపెడతారు. మాయలు సరే. ఆ మాయల వెనకున్న లెక్క నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది.

కదిరి వెంకటరెడ్డి 1912లో తాడిపత్రిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. వాహినీ సంస్థలో డైరెక్టర్ కాకముందు క్యాషియర్‌గా పనిచేశారు. బి.ఎన్. రెడ్డి సినిమాలు తీస్తుంటే పద్దులు చూసిన మనిషి, 1943లో 'భక్త పోతన'తో తనే మెగాఫోన్ పట్టారు. ఆ ఫిజిక్సూ, ఆ పద్దుల పుస్తకమూ చివరిదాకా ఆయన్ను వదల్లేదు.

35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. అప్పట్లో సినిమా నిడివిని అందరూ అడుగుల్లోనే చెప్పుకునేవారు. మిగతావాళ్లు సినిమా తీసేశాక కొలిచేవారు, కె.వి. తియ్యకముందే కొలిచారు. రచయితతో కూర్చుని సీను పక్కాగా రాయించడం, నటులతో రిహార్సల్ చేయించడం, స్టాప్‌వాచీ నొక్కి ఆ సీను ఎంతసేపు వస్తుందో చూడటం, దాన్ని అడుగుల్లోకి మార్చి రాసిపెట్టుకోవడం ఆయన పద్ధతి. సెట్లో మళ్లీ ఆలోచించడాలుండవు. ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పారు. ఎడిటింగ్ టేబుల్ మీద కథ వెతుక్కునే ఈ రోజుల్లో వింటే నమ్మబుద్ధి కాదు.

అంత లెక్కగా తీస్తే సినిమా ఎండిపోదూ అని అనుమానం రావచ్చు. జవాబు మాయాబజార్‌లోని ప్రియదర్శిని సీను. బలరాముడి ఇంటికి కానుకగా ఒక పెట్టె వస్తుంది. ఎవరు తెరిచి చూస్తే వాళ్ల మనసులో ఉన్నది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడు చూస్తే శకుని! నవ్వు వస్తుంది, సీను అయిపోతుంది. ఆ కాసేపట్లో ఏం జరిగిందో చూడండి. ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో తెలిసింది, బలరాముడు ఎటు మొగ్గుతాడో తెలిసింది, ఆ ఇంటి ఇల్లాలి బలహీనత బయటపడింది, ముందు ముందు ఆట ఎవరికీ ఎవరికీ మధ్యనో కూడా తేలిపోయింది. మరో డైరెక్టరైతే నాలుగు సీన్లలో, నలుగురి చేత మాట్లాడించి చెప్పే సంగతులివి. ఇక్కడ ఒక పెట్టె మూత చాలింది. పైగా పిల్లలకది వట్టి వింత వస్తువు. పెద్దవాళ్లకు రేవతి ముఖం చాలు.

ఇక రెండోది, నా లెక్కలో ఆయన అసలు రహస్యం. కె.వి. ప్రేక్షకుడి దగ్గర ఏదీ దాచరు. తెర మీదున్నవాళ్ల దగ్గర దాస్తారు. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడికి సాహసవంతుడైన యువకుడు ఎందుకు కావాలో మనకు ముందే తెలుసు, తోట రాముడికి తెలియదు. అందుకే మాంత్రికుడి వేషంలో ఎస్.వి. రంగారావు ముద్దుగా "డింభకా" అన్నప్పుడల్లా హాల్లో నవ్వూ భయమూ కలిసి పుట్టేవి. ఆఖర్లో ముడి విప్పి ఆశ్చర్యపరిచే సినిమాను రెండోసారి చూడటం కష్టం. గుట్టు ముందే మన చేతిలో పెట్టిన సినిమాను ఎన్నిసార్లయినా చూడొచ్చు. పండగపూట టీవీలో సగం నుంచి చూసినా మాయాబజార్ పట్టేస్తుందంటే కారణం ఇదే.

ఈ పద్ధతికి పరాకాష్ఠ మాయా శశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో కౌరవుల విడిదిలో కూర్చుంటాడు. తెర మీద ఉన్నది సావిత్రి. మనం చూడాల్సింది ఘటోత్కచుడు వేసిన ఎస్.వి. రంగారావుని. ఇది కుదరాలంటే రంగారావు నడక, ఛాతీ విరుపు, ఆ కళ్లెగరేసే తీరు ప్రేక్షకుడికి అప్పటికే కంఠతా వచ్చి ఉండాలి. అందుకే ఘటోత్కచుణ్ణి ముందే తీరిగ్గా, అన్ని హొయలతో చూపించేశారు. 'అహ నా పెళ్లియంట' పాటలో సుశీల గొంతుతో పెళ్లికూతురు సిగ్గులు పోతూ పోతూ, ఉన్నట్టుండి ఒళ్లు మరిచి మగరాయుడిలా విజృంభిస్తుంది. గొంతు ఘంటసాలది అయిపోతుంది. అంతలోనే తెలివొచ్చి మళ్లీ మెలికలు. ఇరవైల మొదట్లో ఉన్న నటి, తనకు రెట్టింపు మనిషి ఒంటిని తన ఒంట్లోకి తెచ్చుకుంది. ఇందులో కెమెరా మాయ ఒక్కటీ లేదు. నన్నడిగితే ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద ట్రిక్ షాట్ అదే.

కెమెరా మాయ చూడాలంటే 'జగదేకవీరుని కథ' (1961)లో 'శివశంకరీ' పాట చూడాలి. ఒకే తెర మీద ఐదుగురు ఎన్.టి. రామారావులు, పాడేదీ వాయించేదీ ఆయనే. ఆ కాలంలో ఇలాంటివి మాస్కు వేసి తీసేవారు. లెన్సు ముందు కొంత మేర మూసి, మిగతా భాగంలో ఒక వేషం తీస్తారు. ఫిల్ము వెనక్కి తిప్పి, ముందు తీసిన మేర మూసి, అదే నెగటివ్ మీద ఇంకో వేషం తీస్తారు. ఎలా వచ్చిందో చూసుకోవడానికి మానిటర్ లేదు. లేబొరేటరీ నుంచి వచ్చేదాకా దేవుడి మీద భారం. ఒక్క వేషం తాళం తప్పినా, కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం మొదటికొస్తుంది. స్టాప్‌వాచీ మనిషి విలువ అక్కడ తెలుస్తుంది.

ఇదంతా ఆయనొక్కడి గొప్పే అనడం అన్యాయం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెన్నెల, గోఖలే, కళాధర్ల సెట్లు, రచయిత పింగళి నాగేంద్రరావు పుట్టించిన అసమదీయులూ వీరతాళ్లూ లాంటి మాటలు లేకపోతే లెక్క లెక్కగానే మిగిలిపోయేది. నాగిరెడ్డి, చక్రపాణుల విజయా సంస్థ అంతమందినీ నెలజీతాల మీద ఒకచోట ఉంచగలిగిన కాలం అది.

జానపదాలకూ పౌరాణికాలకే ఆయన్ను కట్టేయడం నాకు నచ్చదు. 'పెద్దమనుషులు' (1954) చూడండి. ఇబ్సెన్ నాటకం నుంచి బీజం తీసుకుని డి.వి. నరసరాజు రాసిన కథ. ఊరి పెద్దమనిషి చైర్మన్ ధర్మారావుగా జంధ్యాల గౌరీనాథశాస్త్రి వేశారు. నిజం మాట్లాడే పని మాత్రం రేలంగి వేసిన తిక్క శంకరయ్యది. ఆ మునిసిపల్ రాజకీయం ఇవాళ్టి వార్తాపత్రిక చదివినట్టుంటుంది. 'గుణసుందరి కథ'లో షేక్స్‌పియర్ లియర్ రాజు తెలుగు జానపదంలోకి ఎంత చల్లగా వచ్చేశాడంటే, అరువు సరుకన్న అనుమానమే రాదు. 'దొంగరాముడు' (1955) అన్నపూర్ణా వారి తొలి చిత్రం. కె.వి.కి ఖాళీ దొరికేదాకా ఆగి మరీ తీశారు.

అభిమానిని కాబట్టి లోపాలు దాచాలా? 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' (1968) నాటికి అదే గడియారం ఆయన్ను కట్టేసింది. లెక్క అంతా సరిగ్గానే ఉంటుంది, చూస్తున్న మనకు మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. పింగళి మాటల్లోనూ పాత చమక్కు తగ్గింది. ప్రేక్షకుల అభిరుచి మారుతోంది, ఆయన పద్ధతి మారలేదు. 'శ్రీకృష్ణ సత్య' తర్వాత ఆయన ఇంకో సినిమా తియ్యలేదు. 1972లో కన్నుమూశారు.

పద్ధతి మాత్రం ఆయనతో పోలేదు. సింగీతం శ్రీనివాసరావు మాటల్లేకుండా 'పుష్పక విమానం' తియ్యగలిగారంటే, ప్రతి సీనూ ముందే కాగితం మీద తేలిపోవాలన్న గురువుగారి శిక్షణే అందులో నాకు కనిపిస్తుంది. 'భైరవద్వీపం' (1994) అయితే సూటిగా పాతాళభైరవి వీధిలోకే వెళ్లిన సినిమా. ఇప్పుడు గ్రాఫిక్స్‌కి కోట్లు పోస్తున్నారు. ఐదుగురు రామారావులేం ఖర్మ, అయిదువేల మందిని చూపిస్తారు. ఆ అయిదువేల మందిలో కథకు ఎవరు అక్కర్లేదో తేల్చే మనిషి మాత్రం అరుదుగా దొరుకుతున్నాడు.

2010లో మాయాబజార్‌కు రంగులద్ది విడుదల చేశారు. కొత్త తరం హాలుకొచ్చింది, సంతోషమే. కానీ బార్ట్‌లే దీపాలు పెట్టింది నలుపు తెలుపులకు. 'లాహిరి లాహిరి' పాటలో ఆ నీళ్ల మీది వెన్నెల రంగుల్లో సగం కరిగిపోయింది. ఈసారి చూసేటప్పుడు నలుపు తెలుపు ప్రతినే వెతికి పెట్టుకోండి. ఆ మర్నాడు వీలు చూసుకుని 'పెద్దమనుషులు' కూడా చూడండి.