తెరమీది క్రీస్తు, తెరముందు జనం

మతకథలతో వచ్చే సినిమాలను మన విమర్శకులు సాధారణంగా రెండు విధాలుగా చూస్తారు. భక్తులు చేతులు జోడించుకుని చూస్తారు. అందుచేత వారికి చిత్రం కనిపించదు. అభ్యుదయవాదుల్లో కొందరు అసలు చూడనే చూడరు. మత్తుమందు అని ఒక్కమాట అనేసి వూరుకుంటారు. మార్క్స్ ఆ మాట అన్నచోటనే, మతంలో పీడితుల బాధా, ఆ బాధమీద నిరసనా కూడా వున్నాయని చెప్పాడన్న సంగతి వీరికి గుర్తుండదు. జనం ఒక చిత్రాన్ని చూసి ఏడుస్తున్నారంటే ఆ ఏడుపు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరు ఎటు మళ్లిస్తున్నారు అని అడగడం విమర్శకుడి పని.

తెలుగు సినిమాలో క్రీస్తు గురించి నా వాదం ఒక్కటే. మన సినిమా ఆయనకు కరుణ యిచ్చింది, న్యాయాన్ని ఆయన దగ్గరనుంచి తీసివేసింది. ఆ తీసివేత మతప్రచారానికీ, సినిమా వ్యాపారానికీ, కులవ్యవస్థకూ సమానంగా అనుకూలించింది.

మన దేశంలో పౌరాణిక చిత్రం పుట్టుకలోనే క్రీస్తు వున్నాడు. 1910 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన విదేశీ చిత్రం ఒకటి చూశాడు. తెరమీద క్రీస్తు కదులుతూంటే తన మనస్సులో రాముడూ, కృష్ణుడూ కదిలారని తరువాత ఆయనే రాసుకున్నాడు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. అరవై అయిదేళ్ల తరువాత, 1978 డిసెంబరులో, ‘కరుణామయుడు’ విడుదలయింది. ఫాల్కేకు ప్రేరణ యిచ్చిన క్రీస్తు తెలుగు తెరకెక్కాడు. ఈలోగా మన పౌరాణికాలు రాముడికీ కృష్ణుడికీ కుట్టించిన దుస్తులన్నీ ఆయన వేసుకోవలసి వచ్చింది.

క్రీస్తును తెలుగువాణ్ణి చేసే ప్రయత్నం సినిమాతో మొదలు కాలేదు. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం చేరి సువార్తల అనువాదానికి పూనుకున్నారు. తరువాత పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు కథను రాగతాళాల్లోకి తెచ్చాడు. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల్లో పనిచేసిన ఆ బ్రాహ్మణ క్రైస్తవుడు సాధించింది తక్కువేమీ కాదు. పుస్తకం చదవలేని మనిషికి పాట అందించాడు. అయితే కీర్తన అనేది భక్తుడికీ భగవంతుడికీ మధ్య ఏకాంత వ్యవహారం. అందులో పాపం వుంటుంది, శరణాగతి వుంటుంది. యజమానీ కూలీ వుండరు. ‘కరుణామయుడు’కు ఈ కీర్తన నుంచి కూడా వారసత్వం వచ్చింది.

ఆ చిత్రం గొప్పతనాన్ని ముందు ఒప్పుకోవాలి. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ తమిళంలో ‘పాశమలర్’ (1961) వంటి కుటుంబచిత్రాలు తీసి, ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించడంలో సిద్ధహస్తుడనిపించుకున్నవాడు. చిత్రం విడుదలకు ముందే, 1978 జనవరిలో, ఆయన చనిపోయాడు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి క్రిస్టఫర్ కొయెలో దర్శకత్వంలో పాలుపంచుకున్నాడు. క్రీస్తు వేషం కట్టిన విజయచందర్ నిర్మాణభారం కూడా మోశాడు. సిలువయాత్ర పాట రాసిన మోదుకూరి జాన్సన్ నాటక రచయిత. సంగీతం కూర్చినవారిలో బి. గోపాలం ప్రజానాట్యమండలి నుంచి వచ్చినవాడు. ఆ పాట చర్చి గోడలు దాటి, బైబిలు ముట్టని యిళ్లలోకి కూడా వెళ్లింది. జనం బాణీ తెలిసినవాళ్ల చేతిలో పడితే మతకథ కూడా జనం సొత్తు అవుతుందనడానికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

మరి లోపం ఎక్కడుంది? దేవుడు మనిషి అయ్యాడన్నది క్రైస్తవ వేదాంతానికి మూలప్రతిపాదన. క్రీస్తు శరీరం వట్టి కనికట్టు అనే వాదాన్ని చర్చి మొదటి శతాబ్దాల్లోనే పాషండమని తోసివేసింది. 451లో కాల్సెడాన్ మహాసభ ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మనం నమ్మకపోవచ్చు. కాని ఆయన ఆకలీ, చెమటా, అలసటా నిజమైనవేనని ఆనాటివాళ్లు పట్టుబట్టారన్నది గమనించదగిన విషయం. మన పౌరాణిక చిత్రానికి అవతారం తెలుసు గాని మనిషి తెలియడు. అవతారపురుషుడు ఎంత దూరం నడిచినా కాలికి దుమ్ము అంటదు. తల వెనుక వెలుగు, నెమ్మది నడక, అభయమిచ్చే చెయ్యి – తెరమీది క్రీస్తుకూ ఇవే దక్కాయి. ఎనిమిదేళ్లకు, 1986లో, అదే నటుడు షిరిడీ సాయిబాబాగా కనిపించినప్పుడు జనం ఏమీ యిబ్బంది పడలేదు. ఇది మతసామరస్యమని కొందరు సంతోషిస్తారు. కొంతవరకు నిజమే. కాని ఒకరి స్థానంలో మరొకరిని ఇంత సులువుగా నిలబెట్టగలిగామంటే, ఆ యిద్దరూ చెప్పిన మాటలను మనం వినలేదనే అర్థం.

చీపురుపల్లి, గరివిడి పరిసరాల్లో పండుగ రాత్రులు తెరకట్టి ఆడించినప్పుడు ఈ చిత్రాన్ని నేను జనం మధ్య కూర్చుని చూశాను. బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం కేంద్రాలుగా కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఎంతకాలం పనిచేసినా, గుంటూరు, కృష్ణా జిల్లాలతో పోలిస్తే ఇక్కడ క్రైస్తవులు తక్కువ. అందువల్ల ఇక్కడ చాలామందికి క్రీస్తు పరిచయమైంది తెరమీదనే. కనకమహాలక్ష్మి జాతరకు వెళ్లే ఆడవాళ్లే ఇక్కడికీ వచ్చి నేలమీద కూర్చున్నారు. కొరడాదెబ్బల దగ్గర కొంగులతో కళ్లొత్తుకున్నారు. “ఆ తల్లి ఎలాగ సూసిందోనే!” అని ఒక ముసలామె పక్కనున్న కోడలితో అంది. ఆ మాటలో వేదాంతమూ లేదు, మతం మారే వుద్దేశమూ లేదు. 1890ల నుంచి మాంగనీసు తవ్వి పంపిన నేల ఇది. వానలు తప్పిన ఏడు రైలెక్కి దూరదేశాలకు కూలికి పోయే జనం వీళ్లు. తెరమీద తన్నులు తిన్నవాడి వొంటిమీద తమ బిడ్డల దెబ్బలు చూసుకున్నారు. చిత్రం ఆ కన్నీటిని అందుకుంది. అందుకుని ఆకాశంవైపు తిప్పింది.

సువార్తల్లో ఉన్న సరుకు వేరు. లూకాలో మరియ పాడే పాట గద్దెల మీదివాళ్లు కూలిపోవడం గురించీ, ఆకలితో వున్నవాళ్లకు కడుపు నిండడం గురించీ. మత్తయిలో ద్రాక్షతోట కూలీల కథ వుంది. పొద్దుగూకబోయేవేళ ఇంకా సంతవీధిలో నిలబడివున్నవాళ్లను కారణం అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదంటారు. చివరికి వాళ్లకు కూడా పూర్తి రోజుకూలి ముడుతుంది. ఇది పరలోకాన్ని గురించిన ఉపమానమని వేదాంతులంటారు. కావచ్చు. తెల్లవారుజామున చీపురుపల్లి స్టేషనులో మూటతో నిలబడ్డ మనిషికి మాత్రం ఇది ఇహలోకపు కథే. సినిమాలో ఏమి గుర్తుందని చూసినవాళ్లను అడిగాను. రోగాలు నయం కావడం, కొరడాలు, సిలువ అన్నారు. కూలి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. క్రీస్తు వడ్రంగి పని చేసినవాడన్న సంగతీ ఎత్తలేదు.

కరుణలో ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైన వుంటుంది. న్యాయం అడిగేవాడు ఎదురుగా నిలబడాలి. తెలుగుదేశంలో క్రైస్తవం వ్యాపించిన చరిత్రలో ఈ రెండో సంగతి వుంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వున్న జనానికి పని చూపించాడు. ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. మిషన్ వారు దీన్ని దైవకార్యమన్నారు. గిట్టనివారు అన్నానికి అమ్ముడుపోయారని ఎగతాళి చేశారు. ఇద్దరూ ఆ మనిషిని చిన్నబుచ్చారు. అతను పార పట్టి చెమటోడ్చాడు, లెక్కప్రకారం కూలి పుచ్చుకున్నాడు, తనను మనిషిగా చూసిన చోటికి నడిచివెళ్లాడు. సరిగ్గా నూరేళ్ల తరువాత వచ్చిన చిత్రం ఆ కాలువగట్టుమీద నిలబడి క్రీస్తును చూసివుంటే దాని నడకే వేరుగా వుండేది.

మతప్రచారకులకు కూడా కరుణే సౌకర్యం. ‘కరుణామయుడు’ హిందీలో ‘దయాసాగర్’ అయి, ప్రొజెక్టర్లతో వూరూరా తిరిగింది. 1979లో అమెరికన్ సంస్థ క్యాంపస్ క్రూసేడ్ తీయించిన ‘జీసస్’ వెయ్యికి పైగా భాషల్లోకి వెళ్లింది. అందులో తెలుగు ఒకటి. ఆ చిత్రం చివర ప్రేక్షకుణ్ణి ప్రార్థనకు పిలుస్తారు. ఎవరి పాపం వారు విడివిడిగా ఒప్పుకోవాలి. వూరి పాపం ప్రసక్తి రాదు. అంటరానితనం పాటించినవాడూ, అనుభవించినవాడూ ఒకే వరసలో పాపులుగా నిలబడతారు. నా అభ్యంతరం దీనిమీదనే గాని ప్రచారం మీద కాదు. తన నమ్మకాన్ని చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణలో వుంది. దాన్ని కాపాడేవాళ్లలో మనం ముందుండాలి. 2008లో పొరుగున కంధమాల్‌లో యిళ్లు తగలబడినవాళ్లు ఎక్కువగా దళితులూ, ఆదివాసులూను. తగలబెట్టినవాళ్లు మతం పేరు చెప్పారు. కాలిన యింటివాడి లెక్కలో కులమూ, భూమీ కూడా వున్నాయి.

క్రీస్తు సంగతి ఇలావుంటే, తెరమీద క్రైస్తవుడి సంగతి మరీ అన్యాయం. అతనికి గౌన్లు వేసుకునే చెల్లెళ్లూ, ఇంగ్లీషు ముక్కలూ వుంటాయి. దళితపేటలోని రేకుల చర్చి వుండదు. భారతీరాజా ‘సీతాకోకచిలుక’ (1981) చివర బ్రాహ్మణ కుర్రవాడు జంధ్యాన్నీ, క్రైస్తవ పిల్ల సిలువనూ వదిలేస్తారు. ధైర్యంగల ముగింపే. కాని జంధ్యంతో పోయేది పుట్టుకతో వచ్చిన పెత్తనం. ఈ దేశంలో చాలామంది మెడలో సిలువ ఆ పెత్తనాన్ని తప్పించుకోవడానికి వేసుకున్నది. రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం కుదరదు. చిత్రం అడగని కులాన్ని ప్రభుత్వం అడుగుతుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు పరిధిలోకి 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు వచ్చారు. క్రైస్తవులు బయటనే వుండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితుణ్ణి బి.సి.–సి జాబితాలో వేశారు. ఆదివారం ఒక పేరు, ధ్రువపత్రం మీద మరొక పేరు పెట్టుకుని చదువుకునే పిల్లలు మన కాలేజీల్లో వున్నారు. వాళ్లకు కావలసింది ఎవరి జాలీ కాదు.

వేరే దారి వుందా? వుంది. 1964లో ఇటలీలో మార్క్సిస్టూ, నాస్తికుడూ అయిన పసోలినీ మత్తయి సువార్తను చిత్రంగా తీశాడు. దక్షిణ ఇటలీ బీదపల్లెల మనుషులను తెరమీదికి తెచ్చాడు. ఒక విద్యార్థి చేత క్రీస్తు వేషం వేయించాడు. ఆ క్రీస్తు తొందరగా నడుస్తాడు, కోపంగా మాట్లాడతాడు. కాథలిక్కులు కూడా ఆ చిత్రాన్ని మెచ్చుకున్నారు. మన బాపు ‘రాజాధిరాజు’ (1980)లో సైతానును నేటి మనుషుల మధ్యకు దింపాడు గాని, ఆ వ్యంగ్యం మనిషి అత్యాశ దగ్గర ఆగిపోయింది. పసోలినీ చిత్రం వచ్చిన 1964లోనే జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ‘గబ్బిలం’ రాసిన చెయ్యే ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివిన దర్శకుడు తెలుగులో ఇంకా రాలేదు.

అతను వచ్చేదాకా విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ పని లేకపోలేదు. గురజాడ చిన్నతనంలో చదువుకున్న చీపురుపల్లిలో గాని మరెక్కడ గాని, ఈ చిత్రాలు ఆడేచోట జనంతోపాటు కూర్చోవాలి. ద్రాక్షతోట కూలీల కథ వాళ్లకు చెప్పి, వాళ్ల కథ వినాలి. బొమ్మ అయిపోయి తెర విప్పేశాక ఆ జనంతో మాట్లాడే పని ఇప్పుడు పాస్టరు ఒక్కడే చేస్తున్నాడు.