పద్యాన్ని చూడటం, చిత్రాన్ని వినటం

కవిత్వమూ చిత్రలేఖనమూ ఒకే పుట మీద కలిసినప్పుడు చూపరికి ఒక సందేహం కలుగుతుంది: ముందు చదవాలా, ముందు చూడాలా? హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని హస్తలిఖిత ప్రతులు ఈ సందేహాన్ని సూటిగా ముందుకు తెస్తాయి. 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డునున్న నేటి భవనానికి మారిన ఈ సంస్థలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవితల సచిత్ర ప్రతి ఒకటి ఉంది. 1580 నుండి 1612 వరకు గోల్కొండ నేలిన ఆయన వసంతాన్నీ, వానలనూ, పండుగలనూ పాడిన కవి.

ఇటువంటి ప్రతులలో సాధారణంగా లేఖకుడు పాదాలను జంట వరుసలుగా రాసి, చిత్రకారునికి చోటు విడిచేవాడు. కనుక చిత్రం పద్యానికి తొడిగిన నగ కాదు. పద్యం ఇచ్చిన చోట పలికిన జవాబు. నస్తాలీఖ్ లిపిలోని వాలు కూడా ఆ సంభాషణలో భాగమే.

అయితే అద్దాల పెట్టెలోని గ్రంథం ఒకసారికి రెండు పుటలే చూపగలదు. లిపి రాని తెలుగువానికి ఆ అక్షరం అందమైన వంపుగానే మిగులుతుంది. చీటీ మీద కర్త పేరూ, కాలమూ మాత్రమే ఉంటే కవి అక్కడ లేనట్లే.

శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుండి వచ్చిన చూపరికి ఈ లోటు కొత్త కాదు. మహేంద్రగిరి పరిసరాల సవరలు ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యప్పిండితో వేసే బొమ్మలు పితరులకూ, దేవతలకూ ఉద్దేశించినవి. పూజారి పాడి పిలిస్తేనే ఆ చిత్రం పూర్తవుతుంది. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన సవర మత గ్రంథం ఈ సంగతిని వివరించింది. ఆ బొమ్మ కాగితం మీదికెక్కి ప్రదర్శనకు వచ్చినప్పుడు పాట కొండమీదే ఉండిపోతుంది.

రెండు సంప్రదాయాల విశ్వాసాలు వేరు. గోడబొమ్మ ఆత్మలకు నివాసం. దక్కనీ పుట ఆస్థాన కళ, దాని అక్షర గౌరవానికి మూలం ఖుర్ఆన్ లేఖనం. పోలిక చూపరి నష్టం వరకే.

ఆ నష్టం తీరనిది కాదు. సవర భాష నేర్చి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులు దారి చూపనే చూపారు. ప్రతి పక్కన పద్యానికి తెలుగు తాత్పర్యం, వారానికొక పూట దాన్ని చదివి వినిపించే మనిషి, సవర చిత్రం పక్కన దాని పాట ఉంటే చాలు. లేకుంటే ప్రదర్శన కాగితాన్ని కాపాడుతుంది, కవిత్వాన్ని కాదు.