కొర్ర చేనుకు రెండో లెక్క

వానాధార మెట్టలో ఏ రకం మంచిదంటే ‘ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు?’ అని అడగడం మనకు అలవాటు. కొర్రకు ఆ ఒక్క ప్రశ్న చాలదు. నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన సూర్యనంది 70–75 రోజుల్లోనే కోతకొస్తుంది. బెట్టను ఓర్చుకోవడం ఎంత బలమో, బెట్ట ముదరకముందే పని ముగించుకుపోవడం అంతకన్నా పెద్ద బలం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడేదీ తెలియని అనంతపురం లాంటి చోట రైతుకు పంట నడుమ మనసు మార్చుకునే వీలు ఉండాలి. వెన్ను తీసే వేళకు వాన మొహం చాటేస్తే కొర్రను పచ్చిగా కోసి పశువులకు వేయొచ్చు. పదును అందితే గింజకు వదలొచ్చు. పైగా విత్తనం ఎకరాకు 2 కిలోలే. ఎండినా అప్పు కొండంత కాదు.

మేతే కావాలంటే జొన్న ఉందిగా అంటారు. నిజమే, బరువులో కొర్ర గడ్డి జొన్న చొప్పకు సాటిరాదు. కానీ బెట్టకు గిడసబారిన లేత జొన్నలో సైనైడ్ విషం చేరుతుంది. పచ్చిమేత అత్యవసరమయ్యేదీ సరిగ్గా అప్పుడే. వేరుశనగ కట్టె మేలైన మేతే, అయితే దాని విత్తనం ఖర్చును కొర్రతో పోల్చనే కూడదు. అసలు చిక్కు వేరే ఉంది. గింజ ముదిరేకొద్దీ కాండంలోని మాంసకృత్తులు వెన్నుకు చేరి గడ్డి పీచుబారుతుంది. కాబట్టి ఒకే మడిలో నిండు గింజా, మేలైన మేతా రెండూ వస్తాయని చెప్పడం అమ్మకపు మాట. ఏదో ఒకటి ఎంచుకోవాలి. కొర్ర చేసే మేలల్లా ఆ ఎంపికను పూత దాకా వాయిదా వేయనివ్వడం. ఇక పైపొట్టు తీసే మిల్లు దగ్గర్లో లేకపోతే గింజకు ధర పలకదన్న ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేదు, అది రకం తీర్చగల లోటూ కాదు. రకాన్ని బట్టి తేల్చగలిగింది ఒకటుంది: పూత దశలో కోస్తే ఎంత పచ్చిమేత, గింజ తీశాక ఎంత ఎండుగడ్డి. దిగుబడి అంకె పక్కన ఈ రెండూ ఉంటే, ఏ మడిని ఎప్పుడు కోయాలో రైతే తేల్చుకుంటాడు.