కరువు కథలో ఆమె పొలం ఎక్కడ?

చాలా ఏళ్ళ క్రితం నేనొక కరువు కథ రాశాను. వానల్లేక పత్తి ఎండిపోతుంది. రైతు పురుగుమందు తాగుతాడు. భార్య గుమ్మంలో కూలబడి ఏడుస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. చదివినవాళ్ళు బాగుందన్నారు.

ఈమధ్య జహీరాబాద్ దగ్గర ఒక ఊళ్ళో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘంలో ఉన్న ఒక పెద్దమ్మకి ఆ కథ చెప్పాను. అంతా విని, "కత మంచిగనే ఉంది బిడ్డా. మరి గా ఆడామె ఏం పంటలేస్తుండె?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి మన కరువు కథలు మళ్ళీ తిరగేశాను. చాలావాటిలో రైతంటే మగవాడే. ఆమె ముందు భార్య, తర్వాత వితంతువు. ఆమె చేసే సేద్యం కథకు అక్కరలేదు.

పెద్దమ్మ చేనులో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు కలిసి పెరుగుతాయి. నడుమ వాన ముఖం చాటేస్తే పెసర పోవచ్చు, వేరు లోతుకు దిగే కంది నిలుస్తుంది. వాన ఆలస్యమైనా మూడు నెలల్లో చేతికొచ్చే కొర్ర ఉంది. బూడిద, వేపాకు కలిపి విత్తనం దాచేది ఆమే. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యమని నిపుణులు చెప్పేది ఇలాంటిదే.

ఈ సంఘాల స్త్రీలు 2003లో వరంగల్ బీటీ పత్తి రైతుల మీద సినిమా తీశారు. విత్తనానికెంత, మందుకెంత, పండిందెంత అని లెక్కలడిగారు. నా కథలో ఆ లెక్క లేదు, ఏడుపు మాత్రమే ఉంది.

అయితే ఇప్పుడు ఇంకో ప్రమాదం కనిపిస్తోంది. 2023 చిరుధాన్యాల సంవత్సరం వచ్చాక ఆమెని విత్తనాల తల్లిగా పొగుడుతూ రాస్తున్నాం. పెద్దమ్మ దున్నే రెండెకరాల పట్టా కొడుకు పేర ఉంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకే వచ్చింది, అంటే అతనికే. అతను పత్తి వేద్దామంటున్నాడు. వేస్తే ఆమె దాచిన విత్తనాలకి చేనే ఉండదు. ఈ సంగతి రాయని పొగడ్త ఆమెకేం చేస్తుంది?

నా కథని తిరగరాస్తున్నాను. ఈసారి ఆమెకి పేరుంది, పంటలున్నాయి. పట్టా మాత్రం ఇవ్వలేదు. కథలో నేనిచ్చేస్తే అబద్ధమవుతుంది.