తెగిన వెన్నుపాము – పొంగిన రక్తపు పోటు

పాఠ్యగ్రంథములలో సింపథెటిక్ నాడులును వేగస్ నాడియు త్రాసులోని రెండు పళ్ళెములవలె వర్ణింపబడుచుండును. ఒకటి గుండెను తొందరపెట్టును, రెండవది నెమ్మదింపజేయును. ఈ ఉపమానము ఎంతవరకు నిలుచునో తెలియగోరువారు 1947లో ‘బ్రెయిన్’ పత్రికలో లుడ్విగ్ గుట్మన్, డేవిడ్ విట్టరిడ్జ్ ప్రకటించిన వ్యాసమును పరిశీలింపవలెను. అందలి రోగులు ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ వైద్యశాలలో ఉన్న వెన్నుపాము గాయపడినవారు. (విట్టరిడ్జ్ తరువాత ఎడింబరోలో ఉన్నప్పుడు మన అవతార్ సింగ్ పెయింటల్ ఆయనవద్దనే పరిశోధన చేసెను.)

ప్రయోగము చూచుటకు సామాన్యమైనది. రోగి మూత్రాశయమును నింపుచు రక్తపు పోటును, నాడివేగమును, చర్మపు మార్పులను గమనించిరి. గాయము ఉరోభాగపు ఐదవ, ఆరవ ఖండములకు పైన ఉన్నవారిలో పోటు మిక్కిలిగా పెరిగెను. ముఖమెఱ్ఱబడి చెమట పట్టెను. అయినను గుండె నెమ్మదించెను! ఇది విద్యార్థికి వింతగా తోచును గాని, వ్యాసమునకు ప్రాణమిదియే. మూత్రాశయమునుండి బయలుదేరిన వార్త గాయమునకు క్రిందనే వెన్నుపాములో మరలి, ఉదరములోని రక్తనాళములను బిగించును. పోటు హెచ్చినదని మెడలోని కెరోటిడ్ సైనస్ మజ్జాముఖమునకు తెలుపును. నాళములను సడలింపవలసిన ఆజ్ఞ పోవు దారి తెగినది. వేగస్ నాడి పుఱ్ఱెనుండియే వచ్చునుగాన దానికి దెబ్బ లేదు. గుండె మాత్రము ఆజ్ఞను పాటించును. ఉదరనాళముల నాడులు ముఖ్యముగా ఐదవ ఖండము మొదలుకొని వెలువడును. అందుచేతనే గాయము చాల క్రిందనున్నవారికి ఈ ఉపద్రవము అరుదు.

1917లో హెడ్, రిడాక్ అదే పత్రికలో ఇట్టి రోగుల అధికస్వేదమును వర్ణించియుండిరి. వారి చూపు చెమటపై నిలిచినది. దానిని రక్తప్రసరణ వైపు మరల్చిన ఘనత 1947 వ్యాసమునకే దక్కును.

అయినను ఈ వివరణలో వెన్నుపాము తెగిన తీగవలెనే ఉండిపోయినది. గాయమైన తొలిదినములలో పోటు పడిపోవును. ఈ పొంగు సాధారణముగా వారములు, నెలలు గడచిన పిమ్మట కనబడును. ఆ నడుమ ఏమి జరుగుచున్నది? తరువాతి కాలమున ఎలుకలపై జరిగిన పరిశోధనలలో గాయమునకు క్రింద జ్ఞాననాడుల కొనలు వెన్నుపాములో క్రొత్తగా చిగిర్చుట కనబడినది. 1947 నాటివారిని ఇందుకు తప్పుపట్టుట న్యాయము కాదు. ఆ బొమ్మనే మార్పులేక నేటికిని అచ్చువేయు పుస్తకములను తప్పుపట్టవచ్చును.

“వెన్నుపాము తెగిన పోటు తగ్గును” అను ఒంటివాక్యముతో సరిపుచ్చు పుస్తకములు మరింత చెఱుపు చేయుచున్నవి. మెడవద్ద గాయమైనవారి పై పోటు తఱచు 100 ప్రాంతముననే ఉండును. ఇతరులలో అంతగా భయపెట్టని 140, వారిలో అపాయసూచన. ఉపేక్షించినచో మెదడులో రక్తనాళము చిట్లవచ్చును. ఆ వాక్యమే నేర్చినవాడు తలనొప్పి అన్న రోగిని పరుండబెట్టును. పోటు ఇంకను పెరుగును. చేయవలసినది అతనిని కూర్చుండబెట్టి, బిగువైన బట్టలు వదులుచేసి, మూత్రపుగొట్టము ఎక్కడనైన మడతపడినదేమో చూచుట. నిండిన మూత్రాశయము సంగతి ఆ రోగికి తెలియదు. అతనికి తెలిసినది తలనొప్పి యొక్కటే.